గీత లేని గోలు

“బస్తాలు తిరిగి పెట్టారా, లేదా? అదొక్కటే చెప్పండి పెద్దాయనా” అన్నాడు డిటెక్టివ్.

ప్రాక్టీసు మైదానం చూసుకునే ముసలాయన తల దించుకున్నాడు. తన రేకుల షెడ్డులో, గడ్డి కోసే యంత్రం పక్కన, బోర్లించిన బకెట్ మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఒకడు కుర్చీ వేసుకుని, కాళ్లు అడ్డంగా చాపుకుని కూర్చున్నాడు. నడుం సరిగ్గా నిలబడని మనిషికి అంత కాపలా చూసేసరికి డిటెక్టివ్‌కి ఒళ్లు మండింది.

“పెట్టాననే అనుకుంటున్నాను బాబూ.”

“అనుకోవడం కాదు. పెట్టారా?”

“ఏళ్ల తరబడి రోజూ చేసే పని. నిన్న చేశావా అంటే ఏం చెప్పను? నిన్న పళ్లు తోముకున్నారా అని మిమ్మల్ని అడిగితే తోముకున్నాననే అంటారు. చూపించమంటే ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తారు?”

ముసలాయన గొంతులో తెలివితేటలు చూపించే ధోరణి లేదు, వట్టి బెంగ.

జరిగింది చెప్పుకోవాలంటే పెద్ద కథేం కాదు. చుట్టుపక్కల దేశాల పురుషుల జాతీయ జట్లు తలపడే ప్రాంతీయ ఫుట్‌బాల్ పోటీలు అవి. రేపు ఫైనల్. ఆతిథ్య జట్టు ఫైనల్ గడప తొక్కడం ఇదే మొదటిసారి. తొక్కించినవాడు గోల్‌కీపర్. సెమీఫైనల్లో పెనాల్టీలు ఒకటి తర్వాత ఒకటి ఆపి జట్టును ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. అలాంటివాడు ఇవాళ తెల్లవారగానే, జట్టంతా నిద్ర లేవకముందే, అలవాటు ప్రకారం ఒక్కడే ప్రాక్టీసుకు వచ్చి గోడ వైపు గోల్‌పోస్టు కింద తల పగిలి పడి ఉన్నాడు. ముందు చూసింది ఈ ముసలాయన. మనిషి ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రాణం ఉంది, తెలివి లేదు.

ఆ మైదానంలో గోల్‌పోస్టులు రెండు. షెడ్డు వైపుది సిమెంటులో పాతినది, ఏనుగొచ్చి తోసినా కదలదు. గోడ వైపుది మాత్రం ఎత్తి అటూ ఇటూ మోసుకుపోయేది. దాని వెనక కమ్మీ మీద ఇసుక బస్తాలు వేస్తేనే స్థిరంగా నిలబడుతుంది. బస్తాలు తీసేస్తే, పై కమ్మీ పట్టుకుని ఊగినవాడి నెత్తి మీదికే వస్తుంది. పొద్దున ఆ బస్తాలు గోడ పక్కన పడి ఉన్నాయి. ముసలాయన గడ్డి కోయడానికి తీసి మర్చిపోయాడని, గోల్‌కీపర్ కమ్మీ పట్టుకుని ఊగాడని, గోలు మీద పడిందని ఇన్‌స్పెక్టర్ టీ చల్లారేలోగా తేల్చేశాడు. సాయంత్రానికి ముసలాయన్ని జీపెక్కిస్తాడు.

పోటీల కమిటీవాళ్లకు మాత్రం ఏ మూలో అనుమానం మిగిలింది. రేపు ఆట ముగిస్తే జట్లన్నీ విమానాలెక్కేస్తాయి, ఆ తర్వాత ఎవరిని అడిగినా ఒకటే. అందుకే పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై సొంతంగా పని చేసుకుంటున్న డిటెక్టివ్‌ని పిలిపించారు.

“జైలంటే భయం లేదు బాబూ” అన్నాడు ముసలాయన. “నాకు ఇల్లయినా ఈ షెడ్డే, జైలయినా ఇంతే ఉంటుంది. నిజంగా నేనే మర్చిపోయానేమోనని భయం. ఈ మధ్య మతిమరుపు వస్తోంది. పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చింది నేనే అయితే, ఇంక బతికి ఏం లాభం?”

“అతను మీకు బాగా తెలుసా?”

“ఈ మైదానంలో నాతో మాట్లాడేది వాడొక్కడే. పొద్దున్నే వచ్చేవాడు, ఇక్కడే టీ తాగేవాడు. వాడికీ ఎవరూ లేరు కదా. అమ్మ పోయాక ఇంటికెళ్లడం కూడా మానేశాడు. రోజూ తిట్టేవాణ్ణి కూడాను.”

“తిట్టడం దేనికి?”

“గడ్డి పాడు చేస్తాడు బాబూ! వచ్చీ రాగానే గోలు మధ్యలో నిలబడి మడమతో ముందుకు గీత గీకేస్తాడు. నేను గడ్డి నాటడం, వాడు గీకడం. ఇదేం రోగంరా అంటే, గీత లేకపోతే దారి తప్పినట్టుంటుంది తాతా అంటాడు.”

డిటెక్టివ్ చిన్నగా నవ్వాడు. ఆ రోగం అతనికీ ఉండేది.

“ఇవాళ అతను ఆడటం చూశారా?”

“లేదు. నేను లేచి నీళ్ల పైపులు తిప్పాను. గడ్డి అంతా తడిశాక గోడ వైపు పైపు మార్చడానికి వెళ్తే కనబడ్డాడు.” ముసలాయన గుమ్మంలోంచి గోడ వైపు చూశాడు. “కాసేపు ముందు వెళ్లుంటే బాగుండేది.”

డిటెక్టివ్ లేచాడు. బయటికొస్తూ కానిస్టేబుల్ కాళ్లు దాటవలసి వచ్చింది.

మైదానంలో ఎవరూ లేరు. ఆటగాళ్లను హోటల్ కదలొద్దన్నారు. పొద్దున కూడా ఇలాగే ఉండి ఉంటుందని అనుకున్నాడు. గోల్‌కీపర్ ఒక్కడే నిలబడి, బంతిని గాల్లోకి తన్ని, కింద పడేలోగా పట్టుకుంటూ ఉండేవాడట. పదకొండు మంది ఆడే ఆటలో ప్రాక్టీసు ఒంటరిగా చేసుకోగలిగేది వాడే.

డిటెక్టివ్ అంతకు ముందే ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చాడు. తల నిండా కట్టు, ముక్కులో గొట్టం. మంచం పక్కన ఒక కుర్చీ, అందులో ఎవరూ లేరు. “తెలిసినవాళ్లు ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడితే మంచిది సార్. వినబడుతుందంటారు” అంది నర్సు. డిటెక్టివ్ కాసేపు కూర్చున్నాడు, కానీ ఏం మాట్లాడాలో తోచలేదు. భార్య చివరి రోజుల్లో అలాంటి కుర్చీలోనే అతను కూర్చున్నాడు. ఇప్పుడు తనకే ఏదైనా అయితే ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు ఎవరని లెక్క వేసుకుని, ఒక్క పేరూ తట్టక, చటుక్కున లేచి వచ్చేశాడు. వస్తూ వస్తూ గుమ్మంలో కాపలా ఉన్న పాత పరిచయపు కానిస్టేబుల్ ఫోన్ నంబరు తీసుకుని, గోల్‌కీపర్ బూట్లు సంచిలో వేయించుకుని తెచ్చుకున్నాడు.

గోడ వైపు గోలు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. పడిపోయిన గోలును పొద్దున కానిస్టేబుళ్లు ఎత్తి, గాయపడ్డవాణ్ణి బయటికి లాగారు. మళ్లీ నిలబెట్టారు గానీ, ఉన్నచోట నిలబెడితే వాళ్లు పోలీసులెందుకవుతారు? పాత చోట అడుగు కమ్మీ కింద ఎండ తగలక గడ్డి తెల్లగా పాలిపోయి, నేల మీద చారగా కనిపిస్తోంది. కొత్త చోటు దానికి మూరెడు ఎడంగా ఉంది. డిటెక్టివ్ పాత చోటుకు నడిమధ్య చూశాడు, చుట్టూ చూశాడు, చేత్తో తడిమి చూశాడు. గడ్డి ఒత్తుగా, దువ్వినట్టుగా ఉంది.

గీత లేదు.

లేచి మైదానం పొడవునా నడిచి షెడ్డు వైపు గోలు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఉంది. సరిగ్గా నడిమధ్య, గోలు నుంచి ముందుకు, ఒక్క లాగులో గీసిన మడమ గీత. తెగిన గడ్డివేళ్లు ఇంకా తెల్లగా ఉన్నాయి.

అందరూ ముందుకు చూస్తూ ఆడే ఆటలో వీపు వెనక ఉన్నదాన్ని కాపాడవలసినవాడు గోల్‌కీపర్ ఒక్కడే. వెనక్కి తిరిగి చూస్తే బంతి పోతుంది, చూడకపోతే గోలు ఎటుందో తెలియదు. అందుకే వచ్చీ రాగానే మధ్య నుంచి మడమతో ఒక గీత గీసుకుంటాడు. ఆట మధ్యలో కళ్లు దించి ఆ గీత చూస్తే చాలు, తానెక్కడున్నాడో తెలిసిపోతుంది. అది ఎవరూ నేర్పరు. ఎవరూ గమనించరు కూడా.

అంటే గోల్‌కీపర్ ఇవాళ నిలబడింది ఈ గోలులో. ఇది మీద పడే గోలు కాదు. మీద పడే గోలు ముందు అతను నిలబడనే లేదు. మరి దాని కిందికి ఎలా వెళ్లాడు?

సంచిలోంచి బూట్లు తీశాడు. ముందు వైపు శుభ్రంగా ఉన్నాయి. మడమల వెనక మాత్రం రెండింటికీ మట్టీ గడ్డీ ముద్దలుగా కూరుకుపోయి ఉన్నాయి. చంకల కింద చేతులు వేసి, వెనక్కి నడుస్తూ, ఈడ్చుకుపోతే కూరుకున్నట్టు. ఈడ్చిన జాడ ఏదైనా ఉన్నా, ముసలాయన పెట్టిన నీళ్లకు గడ్డి లేచి చెరిపేసి ఉంటుంది.

“ఏం బెంచీగారూ, గడ్డి మేస్తున్నారా?”

ఆ గొంతు ఎవరిదో తల ఎత్తకుండానే తెలిసింది. ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు పోలీసు జట్టులో సెంటర్ ఫార్వర్డు. అదే జట్టులో డిటెక్టివ్ రెండో గోల్‌కీపర్, అంటే మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప బెంచీ దిగనివాడు. మొదటివాడికి ఏనాడూ దెబ్బ తగల్లేదు. రిటైరైనా ఆ పేరు మాత్రం వదల్లేదు.

“లేదు. నువ్వు వదిలేసింది ఏరుకుంటున్నాను” అన్నాడు డిటెక్టివ్.

“నేను వదిలేయడానికి ఇక్కడ ఏముంది? బస్తాలు లేవు, గోలు పడింది. ఎద్దు ఈనిందంటే దూడను వెతకమనే మీ కమిటీకి పనేం లేదా?”

“ఈ బూట్లు చూడు. మడమలకు గడ్డి ఎలా వచ్చింది?”

ఇన్‌స్పెక్టర్ వంగి చూసి గట్టిగా నవ్వాడు. “గోల్‌కీపర్ బూటుకి గడ్డి కాక మల్లెపూలు అంటుకుంటాయా? రోజంతా గడ్డిలో దొర్లడమే కదా వాళ్ల పని!”

“దొర్లితే ఒంటి నిండా అంటుకోవాలి. రెండు మడమలకే ఎందుకు?”

“మావాళ్లు గోలు కిందనుంచి లాగినప్పుడు అంటుకుని ఉంటుంది.”

“లాగింది రెండడుగులు. రెండడుగులకే ఇంత మట్టా?”

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపాడు. “చూడండి. రేపు ఇక్కడికి మంత్రులు వస్తున్నారు, పక్క దేశాలవాళ్లు వస్తున్నారు. ముందు రోజు హత్యాయత్నం అని నేను మొదలుపెడితే ఫైనల్ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు. ముసలాడిది నిర్లక్ష్యం. నాలుగు నెలలు లోపలుండి వస్తాడు. ఎవరికీ నష్టం లేదు.”

“ముసలాయన ఎవరి లెక్కలోకీ రాడా?”

“అతనికి ఎవరున్నారని?”

ఆ మాట డిటెక్టివ్‌కి ఎక్కడో గుచ్చుకుంది. ఎవరూ లేనివాణ్ణి లోపల వేస్తే అడిగేవాడుండడు, నిజమే. గీత సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఇప్పుడే ఎగతాళి చేసి, బూటు కాలితో ఉన్న ఒక్క గీతనూ చెరిపేస్తాడు. అందుకని మింగేశాడు.

“సాయంత్రం దాకా ఆగు. ఒకటి చూపిస్తాను.”

“ఆగుతాను. ఒకప్పుడు కలిసి ఆడిన మొహమాటం కొద్దీ.” ఒక్క క్షణం ఆగి, “అయినా మీరు ఆడిందెప్పుడు లెండి” అంటూ వెళ్లిపోయాడు.

గ్యాలరీ మెట్ల కింద సామాన్ల గది. తలుపు తీసి ఉంది. లోపల గోల్‌కీపర్ల కోచ్ చిన్న స్టూలు మీద కూర్చుని, బేసిన్‌లో గోల్‌కీపర్ గ్లౌజులు ఉతుకుతున్నాడు. జట్టంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. జట్టేమిటి, దేశమంతా అదే పిలుపు.

డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బెంచీ మీద కూర్చున్న ఆ రోజుల్లో అతను ఎవరిలా ఆడాలని కలలు కన్నాడో ఆ మనిషి ఈయనే. జాతీయ జట్టు గోలులో ఈయన నిలబడితే బంతులు వాటంతటవే వచ్చి చేతుల్లో పడేవి. ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసింది, వేళ్లు వంకర్లు తిరిగాయి.

“రేపు వేసుకుంటాడని ఉతుకుతున్నాను” అన్నాడు బాబాయ్ తల ఎత్తకుండా. “వేసుకోడని తెలుసు. చేతులు ఊరుకోవడం లేదు.”

“నేను పోటీల కమిటీ తరఫున…”

“తెలుసు. కూర్చోండి. మీరూ కీపరేనటగా? ఆ వేళ్లు చూస్తే తెలుస్తోంది.”

డిటెక్టివ్ తన వేళ్లు చూసుకున్నాడు. ఎడమ చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఇన్నేళ్లలో ఆ వేలును చూసి సంగతి పసిగట్టినవాళ్లు ఎవరూ లేరు. కూర్చున్నాడు. పొద్దున ఎక్కడున్నారని అడిగితే, హోటల్ గదిలో నిద్రపోతున్నానని బాబాయ్ చెప్పాడు. ఎవరైనా చూశారా అంటే, ఒంటిగాణ్ణి, నిద్రపోతుంటే ఎవరు చూస్తారన్నాడు. అది డిటెక్టివ్‌కి న్యాయంగానే తోచింది. తనను ఎవరైనా అడిగినా అదే చెప్పేవాడు.

ఆ తర్వాత మాటలు ఎటెటో వెళ్లాయి. వానలో బరువెక్కిన పాత తోలు బంతుల గురించి, ఎదుటివాడు పెనాల్టీ కొట్టే ముందు వాడి భుజం చెప్పే రహస్యం గురించి, గోలు పడ్డాక వలలోంచి బంతి తెచ్చుకునే ఆ నాలుగడుగుల నడక గురించి. ఆ నడక ఎంత పొడవో ఇద్దరికీ తెలుసు. డిటెక్టివ్ నెలల తరబడి ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. మనిషి దొరికితే నోరు ఆగదన్న సంగతి అతనికి తెలుసు, ఎదుటివాళ్ల దగ్గర ఆ సంగతిని వాడుకునే ఇన్నేళ్లూ బతికాడు. ఇవాళ మాత్రం అది తన నోటికే వర్తించింది.

“మీకొకటి చెబుతాను. ఇది మనలాంటివాళ్లకే అర్థమవుతుంది” అన్నాడు. “గోడ వైపు గోలు ముందు గీత లేదు.”

బాబాయ్ చేతులు నీళ్లలో ఆగాయి. “మడమ గీతా?”

“అదే. షెడ్డు వైపు గోలు ముందు ఉంది. గోడ వైపు లేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా చెప్పలేదు, సాయంత్రం తీసుకొచ్చి చూపిస్తాను. అతన్ని ఎవరో షెడ్డు వైపు కొట్టి, గోడ వైపుకి ఈడ్చుకెళ్లి పడేశారు.”

బాబాయ్ ఒక గ్లౌజు పిండాడు, రెండోది పిండాడు. “పదేళ్లప్పుడు తెచ్చాను వాణ్ణి నా దగ్గరికి. పైకి రావాలని వాణ్ణి పెట్టని బాధ లేదు” అన్నాడు చివరికి. కళ్లలో నీళ్లు నిజంగానే ఉన్నాయి. “పొద్దున ఆస్పత్రికి వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు. పోలీసులు వద్దన్నారని.”

డిటెక్టివ్‌కి ఆస్పత్రిలోని ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది. సెల్‌ఫోన్ తీసి ఆస్పత్రి గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌కి అక్కడికక్కడే చేశాడు. “బాబాయ్‌గారు వస్తున్నారు. నా మాటగా లోపలికి పంపించు. అతని పక్కన కూర్చుంటారు” అని పెట్టేసి, “వెళ్లండి. మాట్లాడుతూ ఉండండి, వినబడుతుందట” అన్నాడు.

బాబాయ్ తడిచేతులతోనే అతని చెయ్యి పట్టుకున్నాడు. “మీ మేలు మర్చిపోను.”

హోటల్లో జట్టు డాక్టరమ్మ అతని కోసమే ఎదురు చూస్తున్నట్టుంది. భోజనాల హాల్లో ఒక మూల బల్ల దగ్గరికి తీసుకెళ్లింది.

“పొద్దున్నుంచీ ఒక విషయం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇన్‌స్పెక్టర్ నన్ను అడగనే లేదు” అంది. “నిన్న ఇక్కడే భోంచేస్తుంటే మన గోల్‌కీపర్ నా దగ్గరికొచ్చాడు. నా భుజానికి వేస్తున్న ఇంజెక్షన్ పేరేంటి మేడమ్ అని అడిగాడు.”

“మీరేం చెప్పారు?”

“నేను ఏ ఇంజెక్షనూ వేయడం లేదన్నాను. మొహం పాలిపోయింది. మీరే పంపిస్తున్నారని చెప్పారే అన్నాడు. ఎవరు చెప్పారు అంటే చెప్పలేదు.”

“మరింకేం అనలేదా?”

“రేపు ప్రాక్టీసయ్యాక మీ దగ్గరికొచ్చి పరీక్ష చేయించుకుంటాను, ముందు ఒకరిని అడగాలి అన్నాడు. అంతే.” డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “అది నిషేధించిన మందే అయితే ఆటగాడికి కొన్నాళ్లు ఆట ఉండదు. వేసినవాడికి మాత్రం జన్మలో మైదానంలో అడుగు పెట్టే వీలుండదు. వాడి పేరు కూడా ఎక్కడా మిగలదు.”

ముందు ఒకరిని అడగాలి. అంత ఆప్తుడన్నమాట. నేరుగా ఫిర్యాదు చెయ్యకుండా, నోటితో ఒకసారి చెప్పించుకుందామనుకునేంత ఆప్తుడు. మసాజ్ చేసేవాడా? జట్టు మేనేజరా? డిటెక్టివ్ తిరుగు దారి పొడవునా ఒక్కొక్కరినీ ఆ మాటలో పెట్టి చూసుకున్నాడు. ఎవరూ పట్టలేదు.

మైదానంలో ఎండ ఇంకా ఉంది. ఇన్‌స్పెక్టర్ జీపు షెడ్డు ముందు ఆగి ఉంది. ముసలాయన్ని అప్పటికే బయటికి తెచ్చి నిలబెట్టారు. చంకలో చిన్న మూట, కాళ్లకి కడిగిన చెప్పులు. వెళ్లడానికి తయారైపోయాడు పాపం.

“ఒక్క నిమిషం” అన్నాడు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్‌ని షెడ్డు వైపు గోలు దగ్గరికి తీసుకెళ్లి గీత చూపించి, దాని సంగతంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ ఈసారి నవ్వలేదు.

“ఇన్నేళ్లు గోల్స్ కొట్టాను, ఇది ఎప్పుడూ చూడలేదే?”

“నువ్వు బంతిని చూసేవాడివి. నేను బెంచీ మీద కూర్చుని మావాడి కాళ్లే చూసేవాణ్ణి. రా, ఇప్పుడు గోడ వైపు గోలు చూడు. అక్కడ గీత లేదు.”

ఇద్దరూ మైదానం దాటారు. ముసలాయన కూడా మూట పట్టుకుని మెల్లగా వెనకే వచ్చాడు. గోలు దగ్గరికి రాగానే ఇన్‌స్పెక్టర్ ఆగి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏదో లేదన్నారు?”

డిటెక్టివ్ చూశాడు. గోలు నడిమధ్య నుంచి ముందుకు, ఒక్క లాగులో, శుభ్రమైన మడమ గీత ఉంది.

“కళ్లద్దాలు మార్పించుకోండి బెంచీగారూ” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాడు గానీ గొంతులో కొంచెం జాలి కూడా ఉంది. “అక్కడా గీశాడు, ఇక్కడా గీశాడు. ఊగాడు, పడింది. పద తాతా, జీపెక్కు.”

డిటెక్టివ్ మళ్లీ చూశాడు. నిజంగా చూడలేదా? ముసలాయనకు వచ్చిన మతిమరుపే తనకూ వచ్చిందా? చేత్తో తడిమాడు కూడా. గడ్డి చేతికి తగిలింది. తగిలిందనే అనుకుంటున్నాడు. పొద్దున ముసలాయన అన్నదీ ఇదే మాట.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. గీత మీద వేలు పెట్టాడు. తెగిన గడ్డివేళ్లు తెల్లగా ఉన్నాయి. గీత చాలా చక్కగా ఉంది, అలవాటైన కాలు గీసినది. తల ఎత్తి గోలును చూశాడు. గీత సరిగ్గా నడిమధ్య ఉంది, వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

అప్పుడు పక్కకి చూశాడు. మూరెడు దూరంలో పాలిపోయిన గడ్డి చార.

“ఇన్‌స్పెక్టర్! పొద్దున గోలు పడినప్పుడు ఎక్కడుంది?”

“ఇక్కడే.”

“కాదు, ఆ చార మీద ఉంది. నీ కానిస్టేబుళ్లు ఎత్తి మూరెడు ఇటు పెట్టారు. గీత ఏ గోలుకి మధ్యలో ఉంది? పొద్దున్నదానికా, ఇప్పటిదానికా?”

ఇన్‌స్పెక్టర్ చారను చూశాడు, గీతను చూశాడు, గోలును చూశాడు. వంగి, జేనలు వేసి కొలుచుకున్నాడు. లేచేసరికి మొహంలో రంగు మారింది.

“ఇప్పటిదానికి” అన్నాడు నెమ్మదిగా. “మావాళ్లు జరిపాక గీసిన గీత ఇది.”

“ఊరికే ఎవడో గీసింది కాదు. ఇంకెవరైనా అయితే అటో ఇటో వంకరగా పోయేది. జీవితమంతా గోలులో నిలబడ్డ కాలు ఇది. నడిమధ్య తప్ప ఇంకెక్కడా గీయలేదు, గోలు ఎక్కడుంటే దాని మధ్యకే పోతుంది.”

“గీత లేదని మీరు ఎవరెవరికి చెప్పారు?”

డిటెక్టివ్ ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. ముసలాయనకు చెప్పలేదు. డాక్టరమ్మకు చెప్పలేదు. పొద్దున్నుంచీ ఈ మాట అతని నోటి నుంచి ఒక్క గదిలోనే, ఒక్క మనిషి దగ్గరే బయటపడింది. ముందు ఒకరిని అడగాలి అన్నాడట గోల్‌కీపర్. తల్లి పోయాక, ఇంటికెళ్లడం మానేశాక, ఏ మాటైనా ముందుగా అడగడానికి అతనికి ఉన్నది ఎవరు? పదేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని తెచ్చినవాడు తప్ప?

కంచే చేను మేసింది. మేసిన కంచెను తీసుకెళ్లి మళ్లీ చేను చుట్టూ కట్టి వచ్చింది మాత్రం తనే.

ఆస్పత్రి కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగింది.

“చెప్పండి సార్! మీకే చేద్దామనుకుంటున్నాను” అన్నాడు కానిస్టేబుల్ హుషారుగా. వెనక కప్పుల చప్పుడు వినిపిస్తోంది. “మంచి కబురు సార్. ఆయన కళ్లు తెరిచారు! ఇందాక నర్సమ్మ చూసింది. డాక్టర్‌గారు ఆపరేషన్‌లో ఉన్నారు, వచ్చి చూస్తారట.”

“నువ్వెక్కడున్నావు?”

“కింద క్యాంటీన్‌లో సార్. బాబాయ్‌గారు ఉన్నారుగా లోపల. కళ్లు తెరిచారని చెబితే పాపం ఏడ్చేశారు. మీరు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, వెళ్లి టీ తాగి రండి, మా ఇద్దర్నీ కాసేపు ఒంటరిగా వదిలేయండి అన్నారు. నర్సమ్మను కూడా…”

“పరిగెత్తు!” అని అరిచాడు డిటెక్టివ్. “పైకి పరిగెత్తు! తలుపు పగలగొట్టు!”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగు తీస్తున్నాడు. సెంటర్ ఫార్వర్డు కాళ్లలో చేవ ఇంకా మిగిలే ఉంది. “ఎక్కండి అన్నా!” అని కేకేశాడు. బెంచీ అనలేదు. ముసలాయన మూట కింద పడేసి, దండం పెట్టడానికి చేతులు ఎత్తి, ఎవరికి పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

జీపు గేటు దాటింది. డిటెక్టివ్ చెవి దగ్గర ఫోన్ తెరిచే ఉంది. మెట్ల మీద కానిస్టేబుల్ బూట్ల చప్పుడు, రొప్పు, ఎవరో తలుపు మీద దబదబ బాదుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. లోపల్నుంచి జవాబు లేదు.

పొద్దున ఆ మంచం పక్కన ఖాళీ కుర్చీని చూసి అతని గుండె తరుక్కుపోయింది. ఇప్పుడది ఖాళీగా లేదు.